ఉల్లిపొర రంగు ముక్క

మొన్నటి ఎండాకాలం దాకా మా షాపు ముందు బస్సు ఆగేది. తాడేపల్లిగూడెంలో మా మ్యాచింగ్ సెంటర్ ఎక్కడని ఎవరైనా అడిగితే "గణపవరం బస్సు ఆగే చోట" అని చెప్పేవాళ్ళు. ఇప్పుడడిగితే "తెల్లకారు ఉంటుంది చూడండి, దాని వెనకాల" అంటున్నారు. ఆ తెల్లకారు మా నాన్నది.

షాపు ఒకటే గాని లోపల రెండు రాజ్యాలు. ఎడమవైపు పెద్ద సగం నాన్నది. సూటింగులు, షర్టింగులు, అద్దాల బీరువాలు, ఏసీ. కుడివైపు చిన్న సగం అమ్మది. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్సు, హుక్కులు. ఏసీ గాలి అమ్మవైపు వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉన్న మల్లేశ్వరరావు అనే పేరు నాన్నది. మెట్లెక్కి వచ్చేవాళ్ళు మాత్రం ఎక్కువగా పేరు లేని వైపుకే తిరిగేవాళ్ళు.

గణపవరం, నిడమర్రు, ఆ కిందనున్న కొల్లేటి ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు బస్సు దిగి నేరుగా మా మెట్లెక్కేవాళ్ళు. చీర అమ్మ బల్ల మీద పరిచి, దీనికి జాకెట్టు రంగు చూసి ఉంచమని చెప్పి, చేతిలో సంచి అక్కడే దింపేసేవాళ్ళు. తర్వాత ఆసుపత్రికో, బ్యాంకుకో, ఉల్లిపాయల మార్కెట్టుకో చేతులూపుకుంటూ నడిచి వెళ్ళేవాళ్ళు. ఎండ చల్లబడ్డాక వచ్చి సంచీ, జాకెట్ ముక్కా తీసుకుని, మెట్లు దిగి బస్సెక్కేవాళ్ళు. సంచి ఉంచినందుకు అమ్మ ఏమీ పుచ్చుకునేది కాదు. వాళ్ళు కూడా ఊరికే వెళ్ళేవాళ్ళు కాదు, కనీసం హుక్కుల అట్టైనా కొనుక్కుని వెళ్ళేవాళ్ళు.

ఎవరి సంచి ఏదో తెలియడానికి అమ్మకి ఒక పద్ధతుంది. కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి ఉంచుతుంది. అందులోంచి ఒకటి తీసి రెండుగా చింపుతుంది. ఒక సగం సంచి పిడికి కడుతుంది, రెండో సగం ఆవిడ చేతిలో పెడుతుంది. సాయంత్రం ఆ ముక్క చూపిస్తే చాలు, అమ్మ అటక వంక ఒక్కసారి చూసి ఆ రంగు సంచి దింపేస్తుంది. పేర్లతో పని లేదు. "చిలకపచ్చావిడ ఇంకా రాలేదేంటే, బస్సు టైమైపోతుంటే" అని నాతో అనేది. ఆ చిలకపచ్చావిడ మర్నాడొస్తే వంకాయ రంగావిడ అయిపోయేది.

నేను కంప్యూటర్లు చదివి, హైదరాబాదు కంపెనీ ఒకదానికి మా మేడమీది గదిలోంచి పని చేస్తున్నాను. ఫోన్లో దారి చూపించే యాప్ మాది. నా వంతు నడక. ఒక మనిషి ఇక్కణ్ణించి అక్కడికి నడవడానికి ఎంతసేపు పడుతుందో అంచనా వేసే ప్రోగ్రాం చూసుకోవాలి. నేనెప్పుడూ కాలు పెట్టని ఊళ్ళలో ఎంతసేపు పడుతుందో చెప్పడానికి నాకు జీతమిస్తారు. మా ఊళ్ళో ఎంతసేపు పడుతుందో నన్నెవరూ అడగలేదు, ఆ ఎండాకాలం వచ్చేదాకా.

గొడవ ఎండుచేపలతో మొదలైంది. కొల్లేటి వైపు నుంచి వచ్చే సంచుల్లో బంధువులకిచ్చే ఎండుచేపలు కూడా ఉండేవి. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అమ్మ అలాంటి సంచుల కోసం కిటికీకి బయటవైపు మేకులు కొట్టించింది. నాన్న ముక్కు ఆ కిటికీ దాటి వాసన పట్టేసేది. టెర్రీకాటన్ తానుల్ని ఒక్కొక్కటే వాసన చూసి, ఇదిగో దీనికి పట్టింది, అదిగో దానికి పట్టింది అని పక్కన పెట్టేవారు.

దానికితోడు ఆడవాళ్ళకి బస్సు టికెట్టు తీసేసిన దగ్గర్నుంచీ జనం పెరిగారు. మా అరుగు మీదా, మెట్ల మీదా, పక్కనున్న సుందరరావు గారి మందుల షాపు మెట్ల మీదా బస్సు కోసం కూర్చునేవాళ్ళే. నాన్నకి అది కొట్టులా కాక బస్టాండులా కనిపించడం మొదలైంది.

"కారేసుకొచ్చిన పార్టీ ఇవాళ బస్సు అడ్డంగా ఉందని ఆగకుండా పోయారు" అన్నారు ఒకరోజు అన్నం తింటూ. "వాళ్ళిక భీమవరం పోయి కొనుక్కుంటారు."

"ఆయనేకదండీ పోయిన దసరాకి ఒక ప్యాంటు ముక్క కొన్నది" అంది అమ్మ, పప్పు వడ్డిస్తూ.

"ఒక ముక్కైనా కొన్నాడు. టికెట్టు కూడా కొననివాళ్ళు జాకెట్ ముక్కేం కొంటారే?"

అమ్మ గిన్నె కింద పెట్టింది. మా ఇంట్లో బియ్యం ఎవరి సగంలోంచి వస్తాయో మా ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. మూడో ఆయన పప్పు కలుపుకుంటున్నారు.

మా రోడ్డు షాపులవాళ్ళ సంఘానికి నాన్న సెక్రటరీ. బస్సు స్టాపు బైపాస్ రోడ్డుకి మార్పించడం, ఇక్కడ రోడ్డు మధ్య డివైడర్ కట్టించడం, షాపుల ముందు తెల్లగీతలు గీయించి కార్లు పెట్టుకునే చోటు చేయించడం. ఇదీ వాళ్ళ ప్లాను. కాగితం తయారుచేసి ప్రతి షాపూ తిరిగి సంతకాలు పెట్టించింది నాన్నే. బైపాస్ దగ్గర నీడ లేదని ఎవరో అంటే, షెల్టర్ మేమే కట్టిస్తాం అని ఒప్పుకొచ్చారు. అందులో పెద్ద వాటా కూడా నాన్నదే. దానికి ప్రతిగా షెల్టర్ నుదుటి మీద దాతగా ఆయన పేరు ఉంటుంది. ఇచ్చిన చోట పేరు చెక్కించుకోకపోతే మావాళ్ళకి ఇచ్చినట్టే ఉండదు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా మా తాతగారి పేరుంది, తిరుగుతున్నప్పుడు చదవలేం గాని.

కాగితం ఆఫీసుకి వెళ్ళే ముందురోజు నాన్న నన్ను పిలిచి, షాపు నుంచి బైపాస్‌కి నడిస్తే ఎంతసేపో ఫోన్లో చూడమన్నారు. మా యాపే చూశాను. పదహారు నిమిషాలు అంది. మా రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేస్తున్న చిన్న బొమ్మ కూడా వచ్చింది.

"పదహారు నిమిషాలే" అన్నారు నాన్న అమ్మ వైపు తిరిగి. "నన్ను డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. వాళ్ళకీ ఆరోగ్యం."

నాన్న రోజూ అరగంట నడుస్తారు, నిజమే. కారులో కాలేజీ గ్రౌండుకి వెళ్ళి, చుట్టూ నడిచి, కారులో వెనక్కి వస్తారు.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ బొమ్మని చూసింది. "దీని చేతిలో సంచి లేదేంటే" అంది.

నేను నవ్వాను. నాన్న కూడా నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఫోన్ నాకిచ్చేసి, నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. షాపులో ఆయన ముందు కూర్చోవడం ఆవిడకి అలవాటు లేదు.

"ఏవండీ, బస్సు పోతే నా సగం పోతుందండీ" అంది.

"నీ సగం ఎక్కడికి పోతుంది? అరుగు కొట్టించేసి అద్దాల తలుపులు పెట్టిస్తాను. నీ వైపు కూడా ఇంకో ఏసీ వేయిస్తాను. కారుల్లో వచ్చే ఆడవాళ్ళు మటుకు జాకెట్లు వేసుకోరేంటి?"

 అమ్మ లేచి వెళ్ళి, కింద పడ్డ లైనింగు తాను చుట్టడం మొదలెట్టింది. అది అంతకుముందే చుట్టి ఉంది.

స్టాపు ఎప్పుడు మారుతుందో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. ఈలోగా మా అరుగు కొట్టేశారు. వైశాఖంలో పెళ్ళి ముహూర్తాలు ముగిసే రోజులు. ఆ బుధవారం పొద్దున్న గణపవరం బస్సు ఎప్పట్లాగే మా ముందే ఆగింది. నిడమర్రు దగ్గర ఊరి నుంచి జీవరత్నం దిగింది. ఆవిడ వాళ్ళ ఊరికి టైలరు. ఊళ్ళో పెళ్ళిళ్ళ చీరలన్నీ ఒక మూటగా కట్టుకుని వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క చీరకీ రంగు కలిపించుకుని వెళ్తుంది. ఒక మోకాలు సరిగ్గా వంగదు, అందుకని మెట్లు పక్కకి తిరిగి ఎక్కుతుంది.

"అరుగేదండి అమ్మగారూ?" అంది వస్తూనే.

"కారెక్కి వెళ్ళిపోయింది జీవరత్నం" అంది అమ్మ.

ఆవిడ వెనకాలే ఒక పెద్దావిడ ఎక్కింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట, దానిమీద కప్పి కట్టిన తువ్వాలు. ముక్కుకి రెండువైపులా పుడకలు. ఒకటి రెండుసార్లు చూసిన మొహమే. అమ్మ డబ్బాలోంచి చేతికందిన ముక్క తీసి చింపి, సగం ఆవిడకిచ్చింది. ఆవిడ దాన్ని వెలుగులో పెట్టి చూసి, ఇదేం రంగమ్మా అని అడిగింది. ఉల్లిపొర రంగు అని చెప్పింది అమ్మ. ఆవిడ పళ్ళు లేని నవ్వు ఒకటి నవ్వి, నేనొచ్చింది కూడా ఉల్లిపాయలకే అని, ఆ ముక్క కొంగున ముడేసుకుని మెట్లు దిగి వెళ్ళింది.

మధ్యాహ్నం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బైపాస్ దగ్గర షెల్టర్ ప్రారంభానికి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళాక ఇటు మా రోడ్డు మొదట్లో ఇనుప బారికేడ్లు అడ్డంగా పెట్టారు. మా వీధిలో చాలామంది వాటిని చూసి ఊరేగింపేదో వస్తోందనుకున్నారు.

సాయంత్రం సంచుల కోసం వచ్చినవాళ్ళు సంచులు తీసుకుని, అరుగు లేక మెట్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. బస్సు రాలేదు. ఇంకాసేపటికీ రాలేదు. చివరికి షేర్ ఆటో నడిపే బాబీ ఆగి, బస్సులన్నీ మధ్యాహ్నం నుంచీ బైపాస్‌లోనే ఆగుతున్నాయని చెప్పాడు. వాడి ఆటో అప్పటికే పట్టనంతమందితో నిండి ఉంది. అటక మీద మిగిలింది ఆకుపచ్చ వైరు బుట్ట ఒక్కటే. ఆవిడ మార్కెట్టులోనే ఎవరో చెప్పగా విని అటునుంచటే వెళ్ళిపోయిందనుకున్నాం.

అమ్మ గల్లాపెట్టెకి తాళమేసి, షాపులో పనిచేసే శ్రీదుర్గని చూసుకోమని చెప్పి, జీవరత్నం మూట తన చేతిలోకి తీసుకుంది. నన్ను ఇంకో రెండు సంచులు పట్టుకోమంది.

ఆ రోడ్డు మీద నేను పుట్టినప్పటి నుంచీ ఉన్నాను, కానీ ఆ చివరిదాకా నడిచింది అదే మొదటిసారి. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు కనపడనివన్నీ కనపడ్డాయి. డ్రైను మీద పలకలే మాకు కాలిబాట. వాటిలో సగం ఊగుతాయి, కొన్ని లేవు. ఉన్నవాటి మీద మోటారుసైకిళ్ళు, టీ బండ్లు, ఫ్రిజ్జుల షాపువాడి అట్టపెట్టెలు. దాంతో రోడ్డు మీదికి దిగాలి. దిగితే వెనక నుంచి హారన్. ఒకచోట ట్రాఫిక్ కష్టాలు తీర్చినందుకు నాన్నకి ధన్యవాదాలు చెబుతూ ఫ్లెక్సీ కట్టారు. అది కాలిబాటకి అడ్డంగా ఉంది. ఫ్లెక్సీలో నవ్వుతున్న నాన్న కింద నుంచి మేమందరం వంగి వెళ్ళాం. జీవరత్నం వంగలేక చుట్టూ తిరిగి వచ్చింది.

బైపాస్ దాటడం ఇంకో పని. షెల్టర్ అవతలి వైపుంది. లారీలు ఆగవు. అమ్మ ఒకచేత్తో మూట, ఇంకోచేత్తో జీవరత్నం చెయ్యి పట్టుకుంది. జీవరత్నం చేతిని ఇంకొకావిడ, ఆవిడ చేతిని నేను. చిన్నపిల్లల్లా గొలుసు కట్టుకుని సగం దాటి, మధ్యలో నిలబడి, మళ్ళీ సగం దాటాం.

షెల్టర్ బాగుంది. స్టీలు బెంచీలు, నీలం రేకు, ఇంకా ఆరని రంగు వాసన. నుదుటి మీద నాన్న పేరు. కానీ దాన్ని పడమటి వైపు తిప్పి కట్టారు. సాయంత్రపు ఎండంతా లోపలికే వచ్చి కూర్చుంది, బెంచీలు అట్లపెనాల్లా ఉన్నాయి. నీడ షెల్టర్ వెనకాల పడుతోంది. ఆడవాళ్ళందరూ ఆ వెనకాలే నిలబడి ఉన్నారు. అక్కడుంటే డ్రైవరుకి మనుషులు కనపడరు. మేం చూస్తుండగానే ఒక బస్సు ఖాళీ షెల్టర్ని చూసి ఆగకుండా వెళ్ళిపోయింది.

ఎదురుగా మా తెల్లకారు వచ్చి ఆగింది. నాన్న మెడలో ఇంకా శాలువా ఉంది. అద్దం దించి, మీరేంటి ఇక్కడ అని అడిగారు.

"నడిచొచ్చామండీ. ఆరోగ్యం కదా" అంది అమ్మ.

ఎక్కమన్నారు. మేం తర్వాత వస్తాంలెండి, మీరు వెళ్ళండి అంది. వెనక లారీ హారన్ కొడుతుంటే నాన్న వెళ్ళిపోయారు.

గణపవరం బస్సు వచ్చేసరికి అందరూ వెనక నుంచి ఒక్కసారిగా ముందుకి పరుగెత్తారు. జీవరత్నం మాత్రం పరుగెత్తలేదు. రవికలోంచి గుడ్డముక్క ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టింది. కనకాంబరం రంగు. మూట తీసుకునేటప్పుడు గొడవలో తిరిగివ్వడం మర్చిపోయినట్టుంది.

"ఉంచు జీవరత్నం. మళ్ళీ వచ్చేటప్పుడు పట్టుకురా" అంది అమ్మ.

"మీ దగ్గరే ఉండనివ్వండి అమ్మగారూ."

జీవరత్నం ఆ ముక్క మీద అమ్మ వేళ్ళు మూసి, మూట తీసుకుని, పక్కకి తిరిగి బస్సెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఆ పిడికిలి విప్పలేదు.

ఆ సాయంత్రం షాపు కాసేపు ఎక్కువే తెరిచి ఉంచింది. పుడకలావిడ రాలేదు. రేపొస్తుందిలే అన్నారు నాన్న.

తెల్లగీతలు గీసిన మర్నాడు పొద్దున్నే షాపుల ముందు చోటంతా నిండిపోయింది. షాపుల ఓనర్ల బళ్ళతోనే. ఎవరి షాపు ముందు వాళ్ళు తమ కారు పెట్టుకోకపోతే పక్కవాళ్ళు పెట్టేస్తారు కదా. నాన్న తెల్లకారు బస్సు ఆగే చోటే, మెట్లకి అడ్డంగా నిలబడింది. దాన్ని తీస్తే సుందరరావు గారు తన కారు జరిపేస్తారు. అందుకని తీయలేదు. కారు తీయలేక గ్రౌండుకి వెళ్ళడం కుదరక, నాన్న వాకింగ్ మానేశారు. కారుల్లో వచ్చే పార్టీలు నెమ్మదిగా వచ్చి, కారు ఎక్కడ పెట్టాలా అని చూసి, నెమ్మదిగానే వెళ్ళిపోయేవాళ్ళు.

బేరాల్లేకపోతే నాన్న దగ్గర కారణం సిద్ధంగా ఉంది. ఈ ఏడు జ్యేష్ఠానికి అధికమాసం వచ్చింది. పెళ్ళిళ్ళుండవు, శుభకార్యాలుండవు, గుడ్డలెవరు కొంటారు? రోజూ పంచాంగం చూపించేవారు. అమ్మ సగంలో కొత్త ఏసీ హాయిగా నడిచేది. చల్లటి గాలిలో అమ్మ ఒక్కతే కూర్చుని, మిగిలిన ముక్కల డబ్బా బోర్లించి, రంగుల వారీగా సర్ది, మళ్ళీ లోపల పోసేది. అటక మీద ఆకుపచ్చ బుట్ట అలాగే ఉంది.

జీవరత్నం ఒకసారి నా ఫోన్‌కి చీరల ఫొటోలు పంపింది. "అమ్మగారికి చూపించండి పాపగారూ, రంగు చూసి బస్సులో పంపితే తీసుకుంటాను" అంది. అమ్మ ఫోన్ పట్టుకుని ఎండలోకి వెళ్ళింది, నీడలోకి వచ్చింది, ట్యూబులైటు కింద పెట్టింది. నేను వెలుతురు పెంచాను, తగ్గించాను. ప్రతిసారీ చీర రంగు మారేది. చివరికి ఒక ముక్క ఎంచి పంపాం. అది కలిసిందో లేదో జీవరత్నం చెప్పలేదు. మళ్ళీ ఫొటోలు కూడా పంపలేదు. తర్వాత ఎవరో చెప్పారు, గణపవరంలోనే కొంటోందట.

అధికమాసం వెళ్ళిపోయింది. అసలు జ్యేష్ఠం వచ్చింది. ముహూర్తాలు వచ్చాయి, మా మెట్లు ఖాళీగానే ఉన్నాయి. పంచాంగంలో చూపించడానికి నాన్నకి ఇంకేమీ మిగల్లేదు.

ఒకరోజు ఆయన అటక వైపు చూసి, ఆ బుట్ట తెరిచి చూస్తే ఊరో పేరో తెలుస్తుందేమో అన్నారు. అమ్మ వద్దంది. ఇన్నేళ్ళలో ఎవరి సంచీ తెరవలేదు, ఇప్పుడెందుకు తెరవడం అంది.

"పోనీ ఏ ఊరని కూడా అడగలేదేంటే నువ్వు?"

"ఎందుకడుగుతానండీ? బస్సు తెచ్చేది, బస్సు తీసుకెళ్ళేది."

నాన్న ఆ మాట విని చాలాసేపు మీటరు బద్దతో అరచేతి మీద కొట్టుకుంటూ కూర్చున్నారు. ఆ సాయంత్రం సంఘం మీటింగులో, బస్సుని మళ్ళీ ఇటు తెప్పిద్దామా అని అడిగారట. అది సుందరరావు గారే మా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారు. "షెల్టర్ మీద పేరేయించుకున్న మనిషి మీరే అలా అంటే ఎలాగండీ మల్లేశ్వరరావు గారూ? ఊరు నవ్వదూ?" నాన్న కూడా నవ్వారు. కాఫీ మాత్రం సగం తాగి వదిలేశారు.

జ్యేష్ఠం చివరి బుధవారం. వానలు ఇంకా సరిగ్గా పట్టలేదు. ఎండ దిగుతున్న వేళ నాన్న స్టూలెక్కి అటక మీద బుట్ట దింపారు. అమ్మ బల్ల దగ్గర నుంచి చూస్తోందే గాని ఆపలేదు. ఆయన తువ్వాలు ముడి ముట్టుకోలేదు. పిడికున్న ఉల్లిపొర రంగు ముక్క బయటికి కనపడేలా తిప్పుకుని, బుట్ట రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగారు. కారు దగ్గర ఆగి, తాళాలు తీసి, పక్కనున్న సుందరరావు గారి కారు వంక చూసి, తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నారు. నడవడం మొదలెట్టారు.

"వెనకాల వెళ్ళవే, ఎక్కడైనా పడతారు" అంది అమ్మ నాతో.

నేను కొంచెం దూరంలో వెళ్ళాను. పలకలు ఊగినప్పుడల్లా నాన్న బుట్టని గుండెకి దగ్గరగా పట్టుకున్నారు. ఆయన ఫ్లెక్సీ ఒకవైపు తాడు తెగి మడతపడి ఉంది. దాని కింద నుంచి వంగి వెళ్ళారు, పైకి చూడలేదు. బైపాస్ దగ్గర లారీలు ఆగుతాయేమోనని చూసి, ఆగవని తెలిశాక, చెయ్యి అడ్డం పెట్టి దాటారు.

ముందు తన పేరు కింద బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగా లేచారు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఆడవాళ్ళు వెనకాల ఎందుకున్నారో చూసి, ఆయన కూడా నెమ్మదిగా షెల్టర్ వెనక్కి వెళ్ళి, వాళ్ళ చివర నిలబడ్డారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో ఆకుపచ్చ బుట్ట. ఒకావిడ జరిగి ఆయనకి నీడలో చోటిచ్చింది.

గణపవరం బస్సు ఆగకుండా పోబోయింది. నాన్న రోడ్డు మీదికి పరుగెత్తి బుట్ట పైకెత్తి ఊపారు. బస్సు దూరంగా వెళ్ళి ఆగింది. అందరూ అటు పరుగెత్తి ఎక్కారు. ఆయన కిటికీల వెంట నడుస్తూ, బుట్ట ఎత్తి చూపిస్తూ, "ఈ బుట్ట మీదేనా అమ్మా? ముక్కుకి రెండు పుడకలుంటాయి, పెద్దావిడ, మీలో ఎవరికైనా తెలుసా అండీ?" అని ఒక్కొక్క కిటికీనీ అడిగారు. లోపలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏంటండీ, అమ్ముతున్నారా?" అన్నాడు కండక్టరు.

"కాదండీ. ఇచ్చేయాలి" అన్నారు నాన్న.

బస్సు కదిలింది. ఆయన దాంతోపాటు కొంత దూరం నడిచి ఆగిపోయారు.

వచ్చేటప్పుడు నన్ను చూశారు గాని, ఎందుకొచ్చావని అడగలేదు. సగం దారిలో ఆయనకి ఆయాసం వచ్చింది. కూర్చుందామని అటూ ఇటూ చూశారు. అరుగులన్నీ ఎప్పుడో కొట్టేశారు. ఎక్కడ చూసినా అద్దాల తలుపులు, వాటి ముందు బళ్ళు. ఒక మోటారుసైకిల్ సీటు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"నీ ఫోన్లో ఎంతసేపన్నావే?" అని అడిగారు.

"పదహారు నిమిషాలు నాన్నా."

తల ఊపారు. బుట్ట చెయ్యి మార్చుకున్నారు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

షాపు దగ్గర తెల్లకారు సందులోంచి పక్కకి తిరిగి, మెట్లెక్కి, బుట్ట అమ్మ బల్ల మీద పెట్టారు. అమ్మ ఎవరైనా గుర్తుపట్టారా అని అడగలేదు. కొంగుతో బుట్ట మీద దుమ్ము తుడిచింది. అలవాటుగా చెయ్యి ముక్కల డబ్బాలోకి వెళ్ళింది. పిడికి అప్పటికే ముక్క ఉందని చూసి ఆగిపోయింది. నాన్న ఇంకా బల్లకి అటువైపే, ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు నిలబడే చోట, వట్టి చేతులతో నిలబడి ఉన్నారు.

"వచ్చే బుధవారం మళ్ళీ వెళ్తాను" అన్నారు.

అమ్మ స్టూలెక్కి బుట్ట అటక మీద పెట్టింది. ముక్క బయటికి కనపడేలా తిప్పింది.

"గొడుగు పట్టుకెళ్ళండి. మీ షెల్టర్లో నీడుండదు."